గొర్రెలు నిలిపిన హద్దు

హెన్‌గై అనే కొండ పొలం నా చేతికి వచ్చిన రోజున నాకు దక్కినవి మూడు: చూరు కారే రాతి ఇల్లు, కొండ మీద తొంభై నాలుగు ఆడగొర్రెలు, ఇంటికీ కొండకీ మధ్య వాగు గట్టున పద్నాలుగు ఎకరాల పాత అడవి. అడవిలో నూట ఎనభై ఆరు ఓక్ చెట్లున్నాయి. సుద్దముక్క పట్టుకుని, ఒక్కోదానికీ గీత పెడుతూ, రెండు రోజులు వానలో తిరిగి నేనే లెక్కపెట్టాను. కొన్న సరుకును లెక్కపెట్టుకోకుండా నిద్రపోయే అలవాటు నాకు లేదు. ఆ నూట ఎనభై ఆరింటిలో ఒక్కటి కూడా నాకంటే చిన్నది లేదు. అప్పటికి నాకు యాభై తొమ్మిదేళ్ళు.

నేను గొర్రెల వ్యాపారిని. మెరియోనెత్ జిల్లాలో ఏ సంతకి వెళ్ళి గొర్రెల ఇద్వాల్ అని అడిగినా నన్ను చూపిస్తారు. నోరు తెరిపించి పళ్ళు చూస్తే గొర్రె వయసు చెబుతాను. నడుం మీద చెయ్యి వేస్తే బరువు చెబుతాను. నలభై ఏళ్ళలో ఎన్ని వేల గొర్రెలు నా చేతుల మీదుగా వెళ్ళాయో నాకే తెలియదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఇంత తెలిసినవాడు ఎంత పెద్ద తప్పు చేశాడో ముందు ముందు మీకే తెలుస్తుంది.

కొన్న రెండో ఏడు ఫిబ్రవరిలో సముద్రం మీంచి వచ్చిన గాలి ఒక్క పూటలో ఐదు ఓక్ చెట్లను పడగొట్టింది. అవి పడి ఉన్న చోటికి వెళ్ళి చూశాను. వేళ్ళు ఆకాశానికి లేచి, మానుల మీద అరచెయ్యి మందాన పాచి, ఆ పాచిలో ఫెర్న్ మొక్కలు, కొమ్మల మీద క్యాబేజీ ఆకంత వెడల్పున పచ్చటి రాతిపువ్వు. మా దగ్గర ఏడాదిలో రెండొందల రోజులకు పైగా వాన. చెట్టు మీద చెట్టు మొలిచేంత తడి. అంత తడిలో నేల మీద మాత్రం ఒక్క ఓక్ మొక్క లేదు. గడ్డి ఉంది, గొర్రెల పేడ ఉంది. అంతే.

అప్పుడు లెక్క వేశాను. గాలికీ ముసలితనానికీ కలిపి ఏటా నాలుగు పోతాయనుకున్నా నలభై ఆరేళ్ళలో అడవి ఖాళీ. ఏ దుకాణమైనా, ఉన్న సరుకు పోతూ కొత్తది రాకపోతే దాన్ని వ్యాపారం అనరు, మూసివేత అంటారు. మా తాతల తాతల నాటి నుంచీ ఆ దుకాణం మూతపడుతూనే ఉంది, ఎవరూ చూసుకోలేదు. నాకు కోపం వచ్చింది. నాకు అంటగట్టినవాడు పాడైన సరుకు అంటగట్టాడన్న కోపం. నా అడవి ప్రేమ అలా మొదలైంది. అంతకంటే మంచి కారణం చెప్పమంటే నా దగ్గర లేదు.

వాన అడవుల్ని బతికించే సంస్థ ఒకటి ఉందని విని కబురు చేశాను. షోనెడ్ అనే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, పక్క లోయ పిల్లే, మా భాషే మాట్లాడుతుంది. మెడలో భూతద్దం వేలాడేసుకుని మూడు రోజులు అడవిలో మోకాళ్ళ మీద పాకింది. సాయంత్రం మా వంటింట్లో తడి మేజోళ్ళు పొయ్యి దగ్గర ఆరేసుకుని, నా భార్య మార్గెడ్ పెట్టిన కిస్‌మిస్ రొట్టె తింటూ, పాచిలో ఎన్ని రకాలు చూసిందో చెప్పింది. నూట నలభై చిల్లర. కొన్ని ఈ సముద్రపు అంచున తప్ప ఇంకెక్కడా సరిగా బతకవట.

మొక్కలు ఎన్ని కొనాలి అని అడిగాను. ఒక్కటీ వద్దంది. బయటి నర్సరీ మొక్క తెస్తే దాని వెంట రోగం వస్తుంది, ఈ చెట్లు తమ పిల్లల్ని తామే మొలిపించుకోగలవు, గొర్రెల నోరు ఒక్కటి కొన్నేళ్ళు పక్కకు తప్పిస్తే చాలు అంది. తోటల్లోంచి తప్పించుకొచ్చి వాగు పొడవునా నల్లగా కమ్మేసిన ఊదాపూల రోడోడెండ్రాన్ పొదల్ని తన మనుషులు వచ్చి నరుకుతారంది. అడవి పైఅంచున బండరాళ్ళ మధ్య మూడొందల అడుగుల మేర బారుగా తెరిచి ఉంది, అక్కడ కంచె వేయిస్తానంది. కాగితాలు కదలడానికి రెండేళ్ళు పడుతుందని కూడా చెప్పింది. అంతవరకూ మందను అడవికి పైన, కొండ మీదే ఉంచి, కిందికి దిగకుండా ఎవరైనా కాపు కాయాలంది.

కాపు కాయాలి. ఆ మాట నాకు నచ్చలేదు. మనిషిని తినే పని అది.

ఆ సెప్టెంబరులో ఓక్ చెట్లు కాశాయి. మామూలు కాపు కాదు. ఏడెనిమిదేళ్ళకోసారి వస్తుందిట అలాంటిది. కొమ్మలు వంగిపోయాయి. గాలి వీస్తే అడవి నేల మీద వడగళ్ళ చప్పుడు. షోనెడ్ ఫోన్ చేసి, ఇది పోతే మళ్ళీ ఇలాంటి కాపు ఎప్పుడో చెప్పలేం, ఈ గింజల్ని గొర్రెలు తినకూడదు, వచ్చే రెండు వేసవులు మొలకల్నీ తినకూడదు అని చెప్పింది. నూట ఎనభై ఒక్క ముసలి చెట్లు తమ దగ్గర ఉన్నదంతా ఒక్కసారి నేల మీద పోశాయి. అది మొక్క కావడమా, గొర్రె కడుపులోకి పోవడమా అన్నది నా చేతిలో ఉంది.

నేను వ్యాపారిలాగా ఆలోచించాను. గొర్రెలు అడవికి శత్రువులు. మేపితే కాపు మనిషి కావాలి. గొర్రెలే లేకపోతే ఏ కాపూ అక్కర్లేదు. అక్టోబరు సంతకి తొంభై నాలుగింటినీ లారీలెక్కించాను.

మా కొండల్లో ఏటా ముసలి గొర్రెల్ని ఏరి పల్లపు రైతులకు అమ్ముతారు. మంద మొత్తాన్ని ఎవరూ అమ్మరు. పొలం చేతులు మారినా మంద ఆ కొండతోనే ఉంటుంది. కొత్త యజమాని దాన్ని రాళ్ళతో పాటు, వాగుతో పాటు తీసుకోవాల్సిందే. ఎందుకంటే మా కొండ మీద గోడల్లేవు. తల్లి తిరిగిన చోటే పిల్ల తిరుగుతుంది, దాని పిల్ల కూడా అక్కడే. ఆ చోటుని మేము కనెవిన్ అంటాం. ఇది నాకు తెలియదా? తెలుసు. చిన్నప్పుడు బడిలో విన్న పాఠంలా తెలుసు.

నా గొర్రెలు వేలం బరిలోకి దిగగానే సంతలో మాటలు ఆగిపోయాయి. పక్క కొండ బ్లైన్‌కూమ్ రైతు హెఫిన్ కటకటాల మీద మోచేతులాన్చి నిలబడి ఉన్నాడు. ఇద్దరం ఒకే బడి, ఒకే బల్ల. వాడు అందరూ వినేలా, "చూడండయ్యా, ఇద్వాల్ ఈసారి గోడ అమ్ముతున్నాడు. రేపు ఇంటి కప్పు కూడా వేలానికి తెస్తాడు," అన్నాడు. నవ్వారు. నేనూ నవ్వాను. మంచి బేరం పడితే పక్కవాడికి కడుపు మండటం మామూలే అనుకున్నాను. ముందు రోజు మార్గెడ్ నాతో, అమ్మే ముందు ఒక్కసారి హెఫిన్‌ని కనుక్కోమని చెప్పింది. గొర్రెల సంగతి హెఫిన్‌ని అడిగే రోజు ఇంకా రాలేదన్నాను.

ష్రాప్‌షైర్ నుంచి వచ్చిన కోలిన్ అనే పల్లపు రైతు మొత్తం మందను కొన్నాడు. ధర బాగానే పలికింది. ఇంటికొచ్చి ఖాళీ కొండను చూసి, ఇంత సులువైన పనికి రెండేళ్ళు కాగితాలు తిప్పేవాళ్ళు ఎంత దద్దమ్మలో అనుకున్నాను.

ఏప్రిల్ చివర, మే మొదట్లో మొలకలు వచ్చాయి. ముందు ఎర్రటి చిన్న ముల్లులాగా, తరవాత రెండు ఆకులు, తరవాత నాలుగు. ఇరవై అడుగులకు ఇరవై అడుగుల చోటు కొలిచి, నాలుగు మూలలా పుల్లలు పాతి, మార్గెడ్ ఊలు దారం చుట్టి లోపల లెక్కపెట్టాను. మూడు వందల పన్నెండు. మళ్ళీ లెక్కపెట్టాను. మూడు వందల పన్నెండు. వయసొచ్చాక నేల మీద కూర్చుని నవ్విన రోజు అదొక్కటే. షోనెడ్ పక్కన కూర్చుని నోట్‌బుక్ తీయలేదు, ఏమీ రాయలేదు, ఊరికే చూస్తూ ఉండిపోయింది. అడవి మొత్తం మీద వేలల్లో ఉంటాయంది.

జూన్‌లో పైఅంచున మూడు గొర్రెలు కనిపించాయి. భుజం మీద నీలం గుర్తు. హెఫిన్‌వి. దారి తప్పాయనుకుని కుక్కను ఉసిగొల్పి పైకి తరిమాను. వారం తిరిగేసరికి పన్నెండు. జులై మధ్యలో నలభై. ఆగస్టులో వాటిని లెక్కపెట్టడం మానేసి మొలకల్ని లెక్కపెట్టాను. ఊలు దారం లోపల మూడు వందల పన్నెండు కాస్తా నూట తొంభై. పదిహేను రోజులాగి చూస్తే నలభై ఒకటి. తినేసిన చోట చిన్న మోడు, దాని పక్కన నల్లటి పేడ ఉండలు. పొద్దున తరిమితే సాయంత్రానికి తిరిగి వచ్చేవి. కుక్క కాళ్ళు పుండ్లు పడ్డాయి.

ఆ నెలలోనే సంస్థ పెద్ద ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. షోనెడ్ చేతికిచ్చి పంపారు. హెన్‌గై భూమి మీద గొర్రెల సంఖ్య సున్నాకు చేరినందుకు అభినందనలు. లక్ష్యం గడువుకు ముందే నెరవేరింది కాబట్టి కంచె అవసరం తీరిందని భావిస్తూ ఆ పనిని జాబితాలో కిందికి జరిపారట. వంటింటి కిటికీలోంచి చూస్తే అడవి అంచున గొర్రెలు తెల్లగా కనబడుతున్నాయి. ఆ కిటికీ పక్కనే నిలబడి ఆ ఉత్తరం చదివాను.

ఆ పిల్ల మీద అరిచాను. నా అడవిని తినిపించావన్నాను. గొర్రెలు తీసేస్తే చాలన్నది నువ్వే అన్నాను. ఇంకా చాలా అన్నాను, మార్గెడ్ చేతిలో కెటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. షోనెడ్ తల దించలేదు.

"కొండ మీద ఉంచి కాపు కాయమని చెప్పాను. అమ్మమని చెప్పలేదు," అంది. "కంచె లేకుండా ఇన్నేళ్ళూ గొర్రెలు ఎవరి కొండ మీద వాళ్ళవి ఎలా ఉన్నాయని మిమ్మల్ని ఈ బల్ల దగ్గరే అడిగాను ఇద్వాల్ గారూ. అలవాటు అన్నారు. అలవాటు కొండకి ఉంటుందా, గొర్రెకి ఉంటుందా? గొర్రెని అమ్మితే అలవాటు ఎక్కడికి పోతుంది? నాకు పాచి తెలుసు. గొర్రెలు తెలిసినవారు మీరని వచ్చాను."

ఆ ఉత్తరం రాసినవాళ్ళకి ఇంతకంటే గట్టిగానే రాశానని కూడా చెప్పింది. మేజోళ్ళు తడిగానే తొడుక్కుని వెళ్ళిపోయింది. కోపం దిగాలంటే దాన్ని దించడానికి మనిషి కావాలి. ఇంక మిగిలింది హెఫిన్.

వాడు మర్నాడు పైఅంచునే దొరికాడు. సన్నగా వాన. వాగు గండిలోంచి ఒక చచ్చిన గొర్రెపిల్లను తాడు కట్టి పైకి లాగుతున్నాడు. నేను సాయం పట్టలేదు.

"నీ గొర్రెల్ని తీసుకుపో," అన్నాను.

"తీసుకుపోతా. రేపు పొద్దునకి మళ్ళీ ఇక్కడే ఉంటాయి. నువ్వు మళ్ళీ వస్తావు, నేను మళ్ళీ వస్తాను. ఇదే ఉద్యోగంగా పెట్టుకుందామా ఇద్దరం?"

"కావాలని తోలుతున్నావు."

హెఫిన్ టోపీ తీసి, నీళ్ళు పిండి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఒరే ఇద్వాల్, నా మందని కొండ దించడానికి నాకూ నా కుక్కకీ ఒక్క పూట సరిపోయేది. ఈ ఏడు మూడు రోజులు పట్టింది. ఇది ఆరో పిల్ల, ఈ గండిలో. ఇక్కడ గండి ఉందని వీటి తల్లులకి తెలియదు. ఎన్నడూ ఇటు వచ్చినవి కావు. కావాలని చేసుకుంటానా?"

"మరెందుకొచ్చాయి?"

"ఖాళీ ఉంది, వచ్చాయి. నీ గొర్రెలున్నన్నాళ్ళూ ఆ బండ దగ్గర తలలు వంచి నిలబడేవి. నావి ఇవతలే ఆగేవి. రోజూ తోపులాటే. మనం పుట్టకముందు నుంచీ అదే హద్దు. నీ వైపు తోసేవి లేవు ఇప్పుడు. నావి ఇటు వచ్చి పడ్డాయి."

"సంతలో సరిగ్గా చెప్పొచ్చుగా."

"చెప్పాను. గోడ అమ్ముతున్నావన్నాను."

"వెక్కిరింతనుకున్నాను."

"వెక్కిరించాను కూడా. నలభై ఏళ్ళు గొర్రెలమ్మినవాడికి గొర్రె ఏమిటో నేను చెప్పాలా? నీకు దాని పళ్ళు తెలుసు, దాని నడుం తెలుసు, లారీ ఎక్కేదాకా తెలుసు. ఒక్క రోజు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఈ కొండ మీద కూర్చుని అది ఏం చేస్తుందో చూశావా ఎప్పుడైనా?"

చూడలేదు.   వాడు చచ్చిన పిల్లను భుజాన వేసుకుని, "నీ గోడ ష్రాప్‌షైర్‌లో దర్జాగా మేస్తోంది. పో, తెచ్చుకో," అని వెళ్ళిపోయాడు.

 హెఫిన్ మీద కోపం, ఉత్తరం రాసిన ఆఫీసు మీద కోపం, ఆ కోపాలన్నీ ఎంత గిరాటేసినా తిరిగి నా దగ్గరికే వచ్చి పడుతున్నాయి. ఇంకెవరైనా ఈ పని చేసి ఉంటే ఏమనేవాణ్ణో నాకు తెలుసు. సంతలో వాడి పేరుకి ముందు ఒక మాట తగిలించి, చచ్చేదాకా అలాగే పిలిచేవాణ్ణి.

మర్నాడు లారీ తీసుకుని ష్రాప్‌షైర్ వెళ్ళాను. కోలిన్ మంచివాడే, నన్ను చూసి నవ్వు దాచుకోలేదు. తొంభై నాలుగింటిలో సగానికి పైగా అప్పటికే చేతులు మారాయి, కొన్ని కోతకి వెళ్ళాయి. అతని దగ్గర మిగిలినవి ఇరవై ఏడు, వాటికి అక్కడ పుట్టిన ఆడ గొర్రెపిల్లలు పదకొండు. మీ కొండ గొర్రెలకి పిచ్చి అన్నాడు. పచ్చిక మోకాలెత్తున ఉన్నా పొలం పడమటి మూలకి వెళ్ళి కంచెకి మొహం పెట్టి నిలబడతాయిట, కంచె దూకుతాయిట. వదిలించుకుంటే చాలన్నట్టున్నాడు. అయినా నా అవసరం పసిగట్టాడు. రెండు కొండ గొర్రెలకి మూడు పల్లపు గొర్రెలు ఇమ్మన్నాడు. నా జీవితంలో అంత తెలివితక్కువ బేరానికి ఎన్నడూ చెయ్యి కలపలేదు. కలిపాను.

హెన్‌గై కింది గేటు దగ్గర లారీ పలక దించాను. కుక్కను కట్టేశాను. ఆ ఇరవై ఏడూ దిగి, వాసన చూసి, ఎవరూ తోలకుండానే వరసగా, పిల్లల్ని వెంటబెట్టుకుని అడవి పక్క బాటన పైకి నడిచాయి. నేను ఆయాసపడుతూ వెనకాల వెళ్ళాను. పైఅంచున బండ దగ్గర హెఫిన్ గొర్రెలున్నాయి. నా మందలో అన్నిటికంటే ముసలిది, ఒక కొమ్ము విరిగినది, ఆగకుండా వెళ్ళి మొదటి నీలం గుర్తు దాన్ని డొక్కలో పొడిచింది. రెండోదాన్ని పొడిచింది. పదకొండు పిల్లలూ ఎన్నడూ చూడని కొండ మీద తల్లుల వెనక నిలబడి అదంతా చూశాయి.

నేను ఆ ముసలిదాన్ని పళ్ళు చూసి అమ్మాను. ఇంకో రెండేళ్ళకంటే బతకదని ధర తగ్గించి మరీ అమ్మాను.

కానీ ఇరవై ఏడు తొంభై నాలుగు కావు. అవి ఆపగలిగినంత ఆపాయి, మిగతాది మనిషి ఆపాలి. షోనెడ్ చెప్పిన పని, నేను ఎగ్గొట్టిన పని, ఇప్పుడు రెట్టింపై నా నెత్తిన పడింది. తెల్లవారగానే ఒకసారి, పొద్దు వాలేముందు ఒకసారి కొండెక్కి, నావాటిని అడవిలోకి దిగకుండా పైకి మళ్ళించాలి, నీలం గుర్తువాటిని బండకి అవతలికి తోలాలి. కొత్త పిల్లలకి కొండ అలవాటయ్యేదాకా ఒక్క రోజు మానకూడదు. ఎన్నాళ్ళని హెఫిన్‌ని అడిగాను. అడగడానికి ఒక నెల పట్టింది నాకు. మూడేళ్ళు అన్నాడు.

వాడూ వచ్చేవాడు, తన వైపు నుంచి. నా మీద జాలితో కాదు. తన పిల్లలు గండిలో పడకూడదు. బండకి ఇవతల నేను, అవతల వాడు, గంటల తరబడి వానలో నిలబడేవాళ్ళం. మొదటి చలికాలం మాటల్లేవు. రెండోదానికి తిట్టుకోవడం మొదలైంది, అది కాస్త నయం. నా కొత్త రెయిన్‌కోటు చూసి, పెళ్ళికొడుకులా ఉన్నావురా, గొర్రెలు సిగ్గుపడుతున్నాయనేవాడు. నేను ఆదివారం ప్రార్థనకి రావడం లేదేమని పాస్టరు అడిగితే, ఇద్వాల్ ఇప్పుడు గొర్రెలకే పాస్టరు అని చెప్పాడట. నేను వాడి కుక్క ముసలిదయిందని, దానికి బదులు వాడే మొరిగితే మేలని అన్నాను. అంతకంటే స్నేహం మా ఇద్దరి మధ్య ఇప్పటికీ లేదు.

షోనెడ్‌కి క్షమాపణ చెప్పాను. చెప్పడం రాలేదు, చెడగొట్టాను, అయినా ఆమె వచ్చింది. కంచె కోసం ఎదురుచూడ్డం ఇద్దరం మానేశాం. కింది పొలం గట్ల మీద ముళ్ళచెట్లు నరికి, ఆ కంపను పైఅంచు బండల మధ్య మూడొందల అడుగులూ నడుమెత్తున పేర్చాం. ముందే ఈ పని చెయ్యొచ్చుగా అని మీరడగొచ్చు. కొండ ఖాళీగా ఉండి హెఫిన్ గొర్రెలు నాలుగు వందలూ తోసుకొస్తుంటే కంప ఒక్క రోజు ఆగదు. ఇప్పుడు నా మంద దాని పైన నిలబడి ఉంది కాబట్టి ఆగింది. మార్గెడ్ చేతులు ముళ్ళు గుచ్చుకుని క్రిస్మస్ దాకా వాచే ఉన్నాయి. నేను సందు దొరికినప్పుడల్లా హెఫిన్‌ని తిడుతుంటే ఆమె ఒకసారి అంది, "నువ్వు వాణ్ణి తిట్టేటప్పుడల్లా కంప ఇంకాస్త గట్టిగా కడుతున్నావు. తిట్టు, పర్లేదు."

మంద తిరిగొచ్చిన నాలుగో ఏట సంస్థ కంచె మంజూరైంది. కంచె గుంజలు మోసుకుని మనుషులు వచ్చేసరికి కంప మీద గులాబీ పొదలు ఎక్కి, కింద ఫెర్న్ మొలిచి, అది కంచెలాగే లేదు. వాళ్ళతో వచ్చిన అధికారి అన్నీ చూసి, ఎంతో సహజంగా జరిగిందండీ అన్నాడు. సహజంగా. మూడేళ్ళు రోజుకి రెండుసార్లు కొండెక్కిన నా మోకాళ్ళ మీద ఒట్టు, ఆ మనిషిని వాగులోకి తోసేవాణ్ణే. షోనెడ్ నా కోటు పట్టుకుని ఆపింది. గుంజల్ని వెనక్కి తీసుకుపొమ్మన్నాను.

ఒక కొమ్ము విరిగిన ముసలి గొర్రె మూడేళ్ళు బతికింది. పదకొండు పిల్లల్లో తొమ్మిది ఇప్పుడు పిల్లల తల్లులు, వాటి పిల్లలకి బండ తెలుసు. మంద యాభై రెండయింది. నీలం గుర్తువి అవతలే మేస్తాయి. సంతలో నా పేరు మారింది. గోడమ్మిన ఇద్వాల్ అంటారు. వినబడనట్టు ఊరుకుంటాను, వినబడుతుంది.

ఇంక అడవి. ఆ సెప్టెంబరు తరవాత ఓక్ చెట్లు మళ్ళీ అలా కాయలేదు. ఏడాదికి గుప్పెడు గింజలు, అవీ పక్షులకే సరి. అంటే నాకు వచ్చిన సరుకు ఆ ఒక్క ఏటిదే. వేలల్లో మొలిచాయని షోనెడ్ అంది, వేలల్లోనే మొలిచి ఉంటాయి. నేను మందను అమ్మకుండా, మొదటి నెల నుంచే కొండ మీద నిలబడి ఉంటే వాటిలో ఎన్ని నిలిచేవో చెప్పగలవా అని మొన్న అడిగాను. అడగొద్దు, అంది. అడగను. కానీ కోపం తగ్గిందని ఎవరూ అనుకోవద్దు. రోజూ పొద్దున కొండెక్కేటప్పుడు అది నాతోనే ఎక్కుతుంది.

ఈ అక్టోబరులో మళ్ళీ సుద్దముక్క పట్టుకుని రెండు రోజులు తిరిగాను. ముసలి చెట్లు నూట అరవై ఏడు. ఊలు దారం కట్టిన చోట మూడు వందల పన్నెండుకి మిగిలినవి తొమ్మిది. అడవి మొత్తం మీద నా మోకాలు దాటిన మొక్కలు యాభై ఎనిమిది. నడుం దాటినవి నాలుగు.